వేలు చూపిన చోటు

టచింగమ్మకు అసలు పేరంటూ ఒకటి ఉంది. కరెంటు బిల్లు మీద ఇప్పటికీ అదే వస్తుంది. కానీ ఆ పేరు చెప్పి వీధిలో ఇల్లు అడిగి చూడండి, ఒక్కరూ చెప్పలేరు. “ఓహో, టచింగమ్మ ఇల్లా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!” అంటూ దగ్గరుండి తీసుకొచ్చి గుమ్మం ముందు నిలబెడతారు. ఇరవై ఏళ్లు ఫోటో స్టూడియోలో కూర్చుని జనం ముఖాల మీది మొటిమలూ మచ్చలూ తీసిన మనిషి. ఆవిడకు ఇంకో పేరెందుకు?

టచింగ్ అంటే ఏమిటో ఇప్పటి వాళ్లకు చెప్పాలి. ఫోను మీద వేలితో అలా రుద్దితే ముఖం నున్నగా అయిపోయే రోజులివి. అప్పట్లో ఆ పని ఒక మనిషి చేసేది, అదీ ఫోటో మీద కాదు, నెగటివు మీద. కిటికీ పక్కన ఏటవాలు బల్ల. బల్లలో అరచేతంత రంధ్రం, దానికి పాలగాజు, కింద ఒక అద్దం. కిటికీ వెలుగు అద్దంలో పడి పాలగాజులోంచి పైకొచ్చేది. ఆ గాజు మీద నెగటివు పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో దిద్దడమే టచింగ్. నెగటివులో అంతా తారుమారు కదా, ముఖం మీద నల్లగా ఉన్న మచ్చ అక్కడ ఖాళీగా, గాజులా కనిపిస్తుంది. ఆ ఖాళీని పెన్సిలు గీతలతో పూడ్చేస్తే ఫోటోలో మచ్చ మాయం. వట్టి ఫిల్ము మీద పెన్సిలు జారిపోతుంది కనక, టర్పెంటైనులో గుగ్గిలం కరిగించిన మందు ముందుగా దూదితో పూసేవారు. చెయ్యి తప్పితే అదే టర్పెంటైనుతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆ పనిలో ఉన్న సుఖం అదొక్కటే.

పని మాత్రం ఆవిడ చేతిలో అద్భుతంగా ఉండేది. చింతగింజంత ముఖం మీద ఆవగింజలో వందో వంతు గీత పెట్టేది. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఊపిరి బిగబట్టేది. స్టూడియో యజమాని, అందరూ పెద్దాయన అనేవారు, వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పేవాడు: “మా అమ్మాయి చేతిలో పడితే కోతి కూడా పెళ్లికొడుకులా వస్తుందండీ!” పెళ్లెందుకు చేసుకోలేదమ్మా అని ఎవరైనా అడిగితే టచింగమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. “ముఖాలన్నీ మరీ దగ్గర్నుంచి చూసేశాను కదండీ!”

ఆవిడ ఇంట్లో ఆవిడా, ఆవిడ అక్క కూతురూ ఉంటారు. అక్క పోయేనాటికి పిల్లకు అయిదు నెలలు. బావ గూడ్సు రైల్లో గార్డు, ఇవాళ ఈ ఊళ్లో ఉంటే రేపు ఏ ఊళ్లో ఉంటాడో తెలీని ఉద్యోగం. పిల్ల పిన్ని చంకనే పెరిగింది. ఇప్పుడు దానికి ముప్ఫై నాలుగు. నీళ్ల పరీక్షల ల్యాబులో ఉద్యోగం, పగలంతా సీసాలూ సూక్ష్మదర్శినీలూను. పిన్నికి యాభై ఎనిమిది వచ్చాయి. కుడి చెయ్యి కాస్త వణుకుతోంది, టీ కప్పు సాసర్లో టకటకలాడుతుంది.

హాల్లో గడియారం కింద ఒక ఫోటో ఉంది. నలుపూ తెలుపూ. కుర్చీలో అక్క, ఒళ్లో నాలుగు నెలల పిల్ల. పిల్ల ఒక చెయ్యి పైకెత్తి, చూపుడువేలు చాపి, తల్లి ముఖం వైపు చూపిస్తూ ఉంటుంది. తల్లి ముఖం మాత్రం పాల మీగడలా నున్నగా, ఒక్క గీత లేకుండా, ఒక్క నీడ లేకుండా ఉంటుంది. చూసినవాళ్లందరూ “ఎంత చక్కగా ఉంది!” అనేవాళ్లే. పిల్లకు ఊహ తెలిసినప్పటినుంచీ ఒక్కటే ప్రశ్న.

“పిన్నీ, నేను వేలితో ఏం చూపిస్తున్నాను?”

“ఏముంది, లైటు చూసి ఉంటావు.”

“లైటు అటు లేదు కదా. అమ్మ ముఖం వైపు చూపిస్తున్నాను.”

“నాలుగు నెలల పిల్ల ఎటు చూపిస్తుందో దానికే తెలీదు. వెళ్లి చదువుకో.”

పదిహేనేళ్ల వయసులో ఒకసారి పిల్ల ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, “పిన్నీ, నాకు అమ్మ ముఖం ఏమీ అనిపించట్లేదు. బొమ్మని చూసినట్టుంది,” అంది. టచింగమ్మ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడిగింది. అప్పటికే కడిగినవి మళ్లీ కడిగింది. ఎందుకంటే ఆ ముఖాన్ని బొమ్మలా చేసింది తనే. ఆ సంగతి ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసు.

*

మొన్న ఎండాకాలంలో పిల్ల ఆఫీసులో ఎవరి దగ్గరో పాత డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చింది. దాని మోజంతా చీమ మీద. “ల్యాబులో అద్దం కింద చూస్తాను కదా పిన్నీ, చుక్క నీళ్లలో ఎంత లోకం ఉందో! అలాంటివి ఇంట్లో ఫోటోలు తీయాలి. చీమ కన్ను తీయాలి.” దానికి ప్రత్యేకంగా మాక్రో లెన్సు కావాలట. ధర చూసి పిల్ల కళ్లు తేలేసింది. కెమెరాకి పెట్టినదానికంటే లెన్సుకి రెండింతలు.

టచింగమ్మ చదువుతున్న పేపరు పక్కన పెట్టింది. “చీమ కన్నుకి అంత సొమ్ము పోస్తావుటే? నీ ఫోను ఇలా తే.”

బాల్చీలో వేలు ముంచి, ఫోను వెనక కెమెరా కన్ను మీద ఒక్క నీటిబొట్టు పెట్టింది. ఫోనుని జాగ్రత్తగా తిరగేసి, బొట్టు జారకుండా, కింద ఉన్న పంచదార పలుకు దగ్గరగా పట్టుకుంది. తెర మీద పలుకు గాజుపెట్టెలా మెరిసింది. పిల్ల నోరు వెళ్లబెట్టింది.

“ఇదెక్కడ నేర్చుకున్నావు?”

“నీళ్ల బొట్టుకి భూతద్దం బుద్ధి ఉంటుందని తెలీదూ? ల్యాబులో ఏం ఉద్యోగం వెలగబెడుతున్నావే నువ్వు!”

చాలా ఏళ్ల తర్వాత పిన్ని గొంతులో ఆ హుషారు విన్నానని పిల్ల తర్వాత చెప్పింది. స్టూడియో మూతపడ్డాక టచింగమ్మ పదేళ్లు జిరాక్సు షాపులో కౌంటరు దగ్గర కూర్చుంది. ఎవరూ ఆవిణ్ణి పనిగురించి అడగలేదు. ఇప్పుడు అడిగేసరికి గేట్లు తెరిచినట్టయింది. బీరువా అడుగునుంచి పాత గుడ్డసంచీ లాగింది. అందులో పెద్దాయన ఫిల్ము కెమెరా లెన్సు, బొటనవేలంత పొడుగు, చుట్టూ అంకెల కడియం.

“దీన్ని తిప్పి పట్టుకో. ముందుభాగం కెమెరా వైపు, వెనకభాగం బయటికి.”

“తిరగేసా?”

“తిరగేసే. పెద్దాయన ఉంగరాల కొట్టువాళ్లకి రాళ్ల ఫోటోలు ఇలాగే తీసేవాడు. మామూలుగా పెడితే దూరంగా ఉన్నదాన్ని చిన్నది చేస్తుంది. తిరగేస్తే దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది. అంతేగా!”

పిల్ల లెన్సుని తిరగేసి చేత్తో కెమెరా మూతికి అదిమి పట్టింది. చీమ కనిపించింది, మాయమైంది, మళ్లీ కనిపించింది. చెయ్యి నిలవడం లేదు. మర్నాడు ఇద్దరూ కలిసి కెమెరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరంటే మెట్ల కింద మూడడుగుల గదిలో కూర్చుని పాత కెమెరాలు బాగుచేసే ముసలాయన. టచింగమ్మను చూసి స్టూలు మీంచి లేచాడు.

“అమ్మా, ఎన్నేళ్లయింది! మీరు టచింగు చేసిన మా ఆవిడ ఫోటో ఇంకా గోడ మీదే ఉంది. అందులో ఉన్నంత అందంగా ఎప్పుడూ లేదని ఇప్పటికీ పోట్లాట మాకు.”

“ఆవిడతోనే అంటున్నారా ఆ మాట? మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలి.”

డాక్టరు గాజు పగిలిన ఫిల్టరు రింగు ఒకటి, కెమెరా మూతికి పెట్టే ప్లాస్టిక్ మూత ఒకటి వెతికి ఇచ్చాడు. మూత మధ్యలో గుండ్రంగా కోసి, రింగుని దానికి అంటిస్తే సరి. లెన్సు ముందుభాగం రింగులోకి మర బిగుస్తుంది, మూత కెమెరాకి తగులుకుంటుంది. ఇంకా పెద్దగా కావాలంటే మధ్యలో గొట్టం పెట్టాలి. దానికి ప్లంబరు పారేసిన పైపు ముక్క దొరికింది. లోపల వెలుతురు మెరవకుండా నల్లకాగితం చుట్టారు. టీవీ అట్టపెట్టెలోని థర్మోకోలు వెలుగు విరజిమ్మడానికి, టేబుల్ లైటు ముందు ట్రేసింగ్ పేపరు నీడలు మెత్తబడడానికి. మొత్తం ఖర్చు రెండు సార్లు ఆటో ఎక్కినంత కూడా కాలేదు.

పని మాత్రం అంత తేలికగా లొంగలేదు. ఈ లెన్సుతో చూపు వెంట్రుకవాసి లోతు. చీమ కన్ను స్పష్టంగా ఉంటే మీసం మసక. పిల్ల లెన్సు కడియం తిప్పుతూ తంటాలు పడుతుంటే పిన్ని వెనకనుంచి ఒకటే నస.

“దాన్ని తిప్పకే! కెమెరానే కదుపు. పీట మీద పెట్టి పీటని జరుపు. అబ్బ, అంత కాదు! గోరంత. ఊపిరి బిగబట్టు. ఇప్పుడు నొక్కు.”

“నువ్వు చెవిలో అరుస్తుంటే ఊపిరెలా బిగబడతాను?”

“నేను ఇరవై ఏళ్లు బిగబట్టలేదూ?”

చీమ కన్ను దొరకలేదు గాని, చచ్చిన ఈగ రెక్క దొరికింది. అగ్గిపుల్ల తల దొరికింది, కొండలా గరుగ్గా. ఉప్పు కల్లు, చీర అంచులో పోగు, పిన్ని బొటనవేలి గీతలు. ఆ సెలవురోజు మధ్యాహ్నాల్లో ఇద్దరూ తలలు ఆనించుకుని చిన్న తెరలోకి చూసేవాళ్లు. టచింగమ్మకు మళ్లీ తన కిటికీ పక్క బల్ల, టర్పెంటైను వాసన, పక్క గదిలో ఫోటోలు ఆరేసిన తీగ మీద క్లిప్పుల చప్పుడు, అన్నీ కళ్ల ముందుకొచ్చేవి. సంతోషంగా ఉండేది. మనిషి సంతోషంలోనే నోరు జారుతుంది.

“అడుగునుంచి వెలుగు సమంగా రావాలే. నా బల్లకుండిన పాలగాజైతే బ్రహ్మాండంగా ఉంటుంది,” అందొకరోజు. “అటక మీద రేకుపెట్టెలో ఉంది.”

అని, సంచీ పుచ్చుకుని కూరలకి వెళ్లింది. వీధి చివర బండి దగ్గర సగం కూరలు కొన్నాక గుర్తొచ్చింది, ఆ పెట్టెలో పాలగాజు ఒక్కటే లేదని. బెండకాయలు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. డబ్బులిచ్చి కూరలు అక్కడే మర్చిపోయి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి పరుగుతీసింది.

*

పిల్ల బల్ల దగ్గరే ఉంది. పాలగాజు కింద లైటు వెలుగుతోంది. గాజు మీద నెగటివు. పక్కన విప్పిన వెన్నకాగితం, దాని మీద టచింగమ్మ చేతిరాతతోనే ‘అక్క’ అని రాసి ఉంది. కెమెరా తెర మీద తల్లి ముఖం, అరచేతంత పెద్దగా.

“పిన్నీ,” అంది తల ఎత్తకుండానే. “అమ్మ ముఖం నిండా ఈ గీతలేమిటి? కామాల్లా ఉన్నాయి. వందలున్నాయి. కళ్ల కింద, బుగ్గ మీద. ఇక్కడ చూడు, పెదవి పైన, ఒక్కచోట గుండ్రంగా దట్టంగా పూడ్చినట్టుంది. సరిగ్గా నా వేలికెదురుగా.”

టచింగమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. అబద్ధం ఆడడానికి ముప్ఫై నాలుగేళ్ల అలవాటు ఉంది. కానీ తెర మీది గీతలు తనవేనని చూస్తేనే తెలుస్తోంది. ఆ కామాలు ఆవిడ సంతకం లాంటివి, అలా ఇంకెవరూ వేసేవారు కాదు.

“అది నేనే,” అంది. “అక్కడ మీ అమ్మకి పుట్టుమచ్చ ఉండేది.”

అప్పుడు చెప్పుకొచ్చింది, కుర్చీలో కూర్చుని, పమిట కొంగు వేళ్లకు చుట్టుకుంటూ.

అది పరీక్షల హాలుటిక్కెట్ల సీజను. స్టూడియో బయట పిల్లలు బారులు తీరి నిలబడేవారు. రోజుకి నూటయాభై ముఖాలు. మొటిమ కనపడితే పూడ్చు, మచ్చ కనపడితే పూడ్చు. చెయ్యి ఆలోచించడం మానేసింది. అప్పుడు అక్క పిల్లని ఎత్తుకుని ఫోటోకి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉన్నాయి, పిల్ల రాత్రంతా ఏడ్చేది కాబట్టి. పై పెదవికి కాస్త పైన, ఎడమ వైపు, మిరియపు గింజంత పుట్టుమచ్చ. పాలు తాగుతున్నంతసేపూ పిల్ల వేలు ఆ మచ్చ మీదే ఉండేది. పట్టుకుని గిల్లేది, లాగేది. ఫోటో తీస్తున్నప్పుడు కూడా చెయ్యెత్తి దాని కోసమే వెతుక్కుంది. పెద్దాయన సరిగ్గా అప్పుడే నొక్కాడు.

వెళ్లేటప్పుడు అక్క చెల్లెలి బల్ల దగ్గర ఆగింది. “ఏమే, నా మచ్చ మాత్రం తీయకు. ఇది నన్ను దాన్ని బట్టే గుర్తుపడుతోంది. తీసేశావంటే వేరే ఎవరో అనుకుంటుంది,” అని నవ్వింది.

“నాకు తెలీదుటే? వెళ్లు వెళ్లు, పని చేసుకోనీ.”

మర్నాడు ఆ నెగటివు హాలుటిక్కెట్ల నెగటివుల మధ్యలో వచ్చింది. ముందొక కుర్రాడి ముఖం, వెనకొక కుర్రాడి ముఖం. చెయ్యి మందు పూసింది, పెన్సిలు తీసుకుంది, మచ్చ చూసింది, పూడ్చేసింది. కళ్ల కింద నీడలు పూడ్చేసింది. ఫోటో కడిగి ఆరేశాక గాని అది అక్క ముఖమని ఆవిడకు తట్టలేదు. పెద్దాయన చూసి, “శభాష్ అమ్మాయ్!” అని ఒక కాపీ షోకేసులో పెట్టించాడు.

“మీ అమ్మ చూసి ఏమందో తెలుసా? ‘ఎవరే ఈవిడ?’ అంది. కోప్పడలేదు. ‘నా ముఖం నాకు ఇచ్చెయ్యి. మచ్చతో ఇంకోటి వేసివ్వు,’ అంది. తుడిచేసి మళ్లీ వేయడం పావుగంట పని. నేనేమన్నాను? ‘సీజను కదే, వచ్చేవారం వేసిస్తాను’ అన్నాను.”

“తర్వాత?”

“వచ్చేవారం మీ అమ్మకి జ్వరం వచ్చింది. పదకొండు రోజులు.”

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. పిల్ల కెమెరా ఆపేసింది.

“ఆ తర్వాతైనా వేయొచ్చుగా. నెగటివు నీ దగ్గరే ఉందిగా.”

“ఉంది. అందరూ ఆ ఫోటోనే పట్టుకుని ఏడ్చారు. ఎంత కళగా ఉందో అన్నారు. మీ నాన్న ఒక్కడే దాన్ని చేతిలోకి తీసుకుని, ‘ఏదో తేడాగా ఉంది’ అన్నాడు. ఇంకేం అనలేదు. అప్పుడు చెప్పాల్సింది. నోరు పెగల్లేదే. చెల్లెలై ఉండి అక్క అడిగిన ఒక్క పని చేయలేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఒక ఏడాది దాచాక, పదేళ్లు దాచడం తేలికైపోయింది.”

“నేను ఎన్నిసార్లు అడిగాను, పిన్నీ? వేలితో ఏం చూపిస్తున్నానని ఎన్నిసార్లు అడిగాను? లైటు అన్నావు.”

 పిల్ల లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మూడు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. పిల్ల పొద్దున్నే వెళ్లడం, సాయంత్రం వచ్చి తిని పడుకోవడం. వంటింట్లో స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా తిట్టినట్టే వినిపించేది టచింగమ్మకు. బెండకాయల బండివాడు మర్చిపోయిన కూరలు ఇంటికి తెచ్చిచ్చాడు. వండితే తిన్నవాళ్లు లేరు.

*

నాలుగో రోజు ఆదివారం. పిల్ల కెమెరా బల్ల మీద పెట్టింది, పిన్ని వైపు చూడకుండానే.

“మొన్న తీసినవన్నీ పెద్దవి చేసి చూశాను. ఫిల్ము మూలనుంచి బూజు మొదలైంది. దారపు పోగుల్లా పాకుతోంది. నా భుజం దాకా వచ్చేసింది. ఈ వానాకాలం దాటేలోగా అమ్మ ముఖం మీదికి ఎక్కుతుంది. తుడిస్తే గీతలు పోతాయన్నావు. పోతాయా?”

“పోతాయి. కానీ ఫిల్ము పొర తేమకి మెత్తబడి ఉంటే ముఖం కూడా దూదికి అంటుకుని వచ్చేస్తుంది. ఉన్నదొక్కటే నెగటివు.”

“అందుకే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టే ఫోటో తీస్తాను. ఏం పోయినా అది మిగులుతుంది. తర్వాత నువ్వు తుడువు.”

“నా చెయ్యి చూశావుగా, ఎలా వణుకుతోందో. నువ్వు చెయ్యవే, నేను చెబుతాను.”

“నేను చెయ్యను. పూడ్చింది నువ్వు. తీయాల్సింది నువ్వే.”

ఆ మాట గట్టిగానే అంది. కాని బీరువాలోంచి రెండు తలగడలు తెచ్చి, బల్ల మీద పిన్ని మోచేతి కిందకి సర్ది పెట్టింది.

ముందు పనికిరాని నెగటివు ఒకటి తీసి తుడిచి చూశారు. ఎవరో మీసాల పెద్దమనిషి. ముఖం క్షేమంగా ఉంది, మొటిమలన్నీ తిరిగొచ్చాయి. “పాపం, ఈయన నన్ను తిట్టుకుంటాడు,” అంది టచింగమ్మ. పిల్ల నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత అక్క. పిల్ల పీట మీద కెమెరాని గోరంత గోరంత జరుపుతూ నెగటివుని మూల మూలా తీసింది. తెర మీద పొర ఎక్కడ లేచిందో, ఎక్కడ గట్టిగా ఉందో చూసి చెప్పింది. “ముఖం గట్టిగానే ఉంది పిన్నీ. మెడ దగ్గర కాస్త బుడగలా ఉంది, అటు వెళ్లకు.” టచింగమ్మ అగ్గిపుల్లకి దూది చుట్టింది. టర్పెంటైనులో ముంచి, కాగితానికి అద్ది, చిటికెనవేలు గాజు మీద ఆనించింది. అక్క బుగ్గ మీద గాలి తగిలినంత మెల్లగా పెట్టింది. దూది బూడిదరంగుకి తిరిగింది. తన గీతలే. పుల్ల మార్చింది. మళ్లీ పెట్టింది. ఏడు పుల్లలు. చెయ్యి వణకడం మానలేదు, తలగడలు వణుకుని మింగాయి. అంతసేపూ టచింగమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏమంటోందో పిల్లకు వినపడలేదు.

“చాలు పిన్నీ, చాలు. చెయ్యి తియ్యి.”

ఆరాక మళ్లీ తీశారు. పిల్ల కంప్యూటరులోకి ఎక్కించి, నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిరగేసింది.

ఒక అలిసిపోయిన ఆడపిల్ల తెర మీద కూర్చుంది. కళ్ల కింద నల్లటి వలయాలు. నుదుటి మీద రెండు మొటిమలు. బుగ్గ మీద గోటి గీత ఒకటి, చిన్నది, కొత్తది. పై పెదవికి కాస్త పైన ఎడమ వైపు మిరియపు గింజంత పుట్టుమచ్చ. పిల్ల వేలు దానికి సరిగ్గా గింజంత దూరంలో ఆగి ఉంది.

పిల్ల కళ్ల కింది వలయాల్ని పెద్దవి చేసి చూసింది. తర్వాత, “ఈవిడ అసలు నిద్రపోలేదు పిన్నీ,” అంది.

“నిన్ను పెట్టుకుని ఎక్కడ నిద్రపోతుందే రాక్షసీ! ఆ గోటి గీత ఎవరిదనుకున్నావు?”

“నాకంటే ఎంత చిన్నది!” అంది పిల్ల. “నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. నేను ఇన్నాళ్లూ ఎవరో పెద్దావిడని చూస్తున్నాననుకున్నాను.”

అంటూనే తెర దగ్గరికి వంగి, మచ్చ మీద చూపుడువేలు పెట్టింది. అలా పెడుతున్నానని దానికే తెలీదు. తెరలో చిన్నవేలు, బయట పెద్దవేలు, రెండూ ఒక్కచోటికే వచ్చాయి. టచింగమ్మ అది చూసి ఇంక తట్టుకోలేకపోయింది. పిల్ల భుజం మీద తలపెట్టి భోరుమంది. ముప్ఫై నాలుగేళ్లనాడు అక్క కోసం ఏడ్చినప్పుడు ఇలా ఏడవలేదు. అప్పుడు కొంత సిగ్గు అడ్డం పడింది.

“నీ మీద కోపం పోలేదు,” అంది పిల్ల, పిన్ని వీపు నిమురుతూనే.

“పోనక్కర్లేదులే.”

మర్నాడు లెక్కలేనన్ని ఫోటోలు వేసే కలర్ ల్యాబుకి వెళ్లి, పాత ఫోటో కొలతకే కాపీ వేయించుకొచ్చారు. అక్కడి అమ్మాయి, “ఈ కళ్ల కింద నీడలూ, ఈ మచ్చా తీసేయమంటారా ఆంటీ? ఒక్క నిమిషం పని,” అంది. టచింగమ్మ ఆ అమ్మాయి వైపు చూసిన చూపుకి పిల్ల గబగబా మధ్యలోకొచ్చి, “వద్దండీ, వద్దు, ఉన్నదున్నట్టే వేయండి,” అంది.

ఇంటికొచ్చి గడియారం కిందనుంచి ఫ్రేము దించారు. నున్నటి ఫోటో తీసి కొత్తది పెట్టారు. పాతదాన్ని ఏం చేద్దామంటే, ఇద్దరికీ పారేయడానికి చేతులు రాలేదు. కొత్తదాని వెనకే ఉంచి అట్ట బిగించారు.

బావకి కబురు పెట్టారు. సాయంత్రం వచ్చాడు, రిటైరై పదేళ్లయినా అదే గార్డు నడక. గుమ్మంలోనే ఫోటో చూసి ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. “ఆఁ,” అన్నాడు. “ఇదీ.” వచ్చి ఫోటో కింద కుర్చీలో కూర్చున్నాడు. టీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆయన వెళ్లాక పిల్ల వంటింట్లో ఉండగా టచింగమ్మ ఫ్రేము ముందుకొచ్చి నిలబడింది. పమిట చెంగుతో గాజు మీద లేని దుమ్ము తుడిచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అంది.

“ఇదిగోనే, నీ ఫోటో. వచ్చేవారం అన్నాను కదూ.”